బండారు ముట్టని మాట

ఆత్మకూరు దగ్గర,
మార్గశిరం, శుక్రవారం.
ఫసలీ 1352.

చిరంజీవి తమ్ముడు చిన్నయ్యకు అక్క రేణుకమ్మ దీవించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలువెట్టాలె అని నువ్వే నేర్పినవు. నీ దిక్కు కుశలమో కాదో నాకు తెల్వదు, నా దిక్కైతె లేదు. అందుకే ఆ ముక్క రాస్తలేను. అబద్ధం రాసుడెందుకు.

ఖాజా మియా చేతికిచ్చి పంపిన నీ జాబు మొన్న ముట్టింది. మూడుసార్లు చదివిన. మొదలు బుగులైంది, ఎన్క కోపమొచ్చింది, ఇంకా తగ్గలె. పొయ్యి మీద అంబలి పొంగుతున్నా లేవకుంట రాస్తున్న, ఎంత కోపమో నువ్వే చూసుకో.

ఏం రాసినవు? అక్కా, ఆ పొద్దు నువ్వు నిజంగ చూసినవా, చూసిన అనుకున్నవా, చూస్తే బాగుండు అనుకున్నవా, ఈ మూడిట్ల ఏది అని అడిగినవు. నేనేమన్న నీ బడిల పిల్లనా? చంకనెత్తుకొని వాగు దాటించి నిన్ను బడికి తోలినదాన్ని. నువ్వు ఇంటికొచ్చి పొయ్యికాడ బొగ్గుతోని గీసి చూపిస్తె నాలుగక్షరాలు నేర్చుకున్న, సరే. ఆ అక్షరాలతోనే ఇప్పుడు నిన్ను తిడుతున్న.

జరిగింది జర మతికి తెచ్చుకో. ఊరడమ్మకు విడిచిన దున్నపోతు మా జొన్నచేన్ల పడి మేసింది. అమ్మవారి పోతు, ఎవ్వరు కొట్టొద్దు, తోలొద్దు. మీ బావ నాలుగు దినాలు గట్టు మీద నిలవడి దాన్ని తిట్టిండు, ఊరంత విన్నది. ఐదో దినం మిట్టమధ్యాహ్నం అది మా చేను పక్క వాగుల మెడ మీద గొడ్డలి దెబ్బతోని సచ్చి పడింది. నువ్వు ఆ దినం మా ఇంట్లనే ఉంటివి, బువ్వ తిని అరుగు మీద పండుకుంటివి.

తెల్లారి పటేలు తిమ్మప్ప ఊరోళ్లను పిలిపించి, ఊరడమ్మ పసుపు బండారు పళ్లెంల పెట్టి, ముట్టి చెప్పుమన్నడు. బండారు ముట్టి అబద్ధమాడితె కండ్లు పోతయని మనం చిన్నప్పటి సంది విన్నదే. బావ ఇల్లు కదల్లేదని ఒక్క మాట చెప్తె అయిపోతుండె. నువ్వేమన్నవు? పండుకునేటప్పుడు బావ ఇంట్ల ఉండె, లేచినప్పుడు ఉండె, నడుమ సంగతి నాకు తెల్వదు అన్నవు. పోనీ ఆ మాటనన్న బండారు ముట్టి చెప్పుమంటె, ఊరడమ్మ ఉన్నదో లేదో గూడ నాకు తెల్వదు, తెల్వనిదాన్ని సాక్ష్యం పెట్టి తెల్సింది ఎట్ల చెప్త అన్నవు.

నువ్వు తెల్వదు అన్నవు. ఊరు లేదు అని విన్నది. అది వేరు ఇది వేరు అని గొంతు పోయేదాక చెప్పినవు, ఎవడు విన్నడు? ఇప్పుడు నీళ్లకు పోతే నన్ను చిన్నయ్య అక్క అంటలేరు, అమ్మవారు లేదన్నోని అక్క అంటున్నరు. నోరు మంచిదైతె ఊరు మంచిదంటరు. నీ నోటితోని నాకు ఊరే లేకుంటైంది.

ఇంకో మాట గూడ అంట, నీకు కోపమొస్తె రానీ. దేవుడు లేడు అన్నా నేను ఓర్చుకుందును. లేడనేటోడు గట్టిగ లేడంటడు, ఉన్నడనేటోడు మొక్కుతడు. నువ్వు గోడ మీది పిల్లి లెక్క నడుమ కూసుంటివి. అమ్మ సచ్చిపోయిన దినం, యాడికి పోయిందిరా అని నేను ఏడుస్తె, తెల్వదక్కా అన్నవు. మంచిచోటికే పోయిందక్కా అంటె నీ సొమ్మేం పోతుండె? నా మనసు జర నిలుస్తుండె. ఆ మాట నేను ఇప్పటిదాంక మర్వలె.

పటేలు ముంగట నువ్వు అట్ల కూసుంటివి కాబట్టి నేను లేవాల్సొచ్చింది. అంతమంది మగోళ్ల నడుమ కొంగు కప్పుకొని పోయి, బండారు ముట్టి, మా ఇంటాయన జొన్నల గుమ్మి పక్కన పండుకొని ఉండె, నేను ఇల్లు కదల్లేదు, రెండు కండ్లతోని చూసిన అన్న. ఆయన మీద పడ్డ మాట పోయింది. నా చెయ్యి పచ్చగైతె నా సంసారం నిలవడ్డది.

ఇగ బక్కయ్య సంగతి. వాని పేరు నేనెత్తలె. డప్పు కొట్టుకొని బతికేటోడు, ఆ పోతుకు దూడప్పటి సంది నీళ్లు తాపినోడు, తోలుకు ఆశపడి నరికిండని తిమ్మప్పే అన్నడు. నేను గూడ బండారు ముట్టి చెప్త దొరా అని వాడు కాళ్ల మీద పడ్డడు. నువ్వు ముడ్తె బండారు మైలపడ్తది అన్నరు. ముట్టనియ్యరు, ముట్టలేదు గనక నువ్వే చంపినవంటరు. మంగళవారం లోపట పెండ్లాం పిల్లలతోని ఊరిడిచి పోవాలెనట. ఇది అన్యాయమని నువ్వు వనపర్తిల కూసోని రాస్తవు. నాకు తెల్వదా? రోజూ వాని పెండ్లాం మొకం చూసేదాన్ని నేను. గని నన్నెందుకు అడుగుతవు? తిమ్మప్పను అడుగు. దేవుని సంగతే తెల్వనోనికి మా ఇంటి సంగతెందుకు?

ఇగ నాకు జాబు రాయకు. రాసినా చదువ.

అంబలి మాడింది, లేస్తున్న.

నిన్ను ఎత్తుకొని పెంచిన అక్క,
రేణుకమ్మ.

తా.క. మడిచిన జాబు మళ్ల విప్పిన.

ఆ పొద్దు నేను ఇంట్ల లేను తమ్మీ. బాయికి పోయిన. వచ్చేసరికి నువ్వు అరుగు మీద గురక పెడుతుంటివి, మీ బావ గుమ్మి పక్కన కండ్లు మూసుకొని ఉండె. గొడ్డలి గోడకు ఆనించి ఉండె. అప్పుడే కడిగినట్టున్నది, దాని కింద మన్ను తడిసింది. నేను అడగలె. అడిగితె ఎర్కైతదని అడగలె.

బండారు ముట్టి పదకొండు దినాలైంది. రోజూ లేవంగనే దీపం దిక్కు చూస్త. కనిపిస్తది. కనిపిస్తుంటె ఏడుపొస్తది. ఊరడమ్మ లేదో, ఉండి ఊకె నన్ను చూస్తున్నదో నాకు తెల్వదు.

ఇప్పుడే మీ బావను అడిగిన. నా మొకం చూడకుంట, నాకు తెల్వదు అన్నడు. నీ మాటనే. నీ నోట్ల వింటె కోపమొచ్చింది, ఆయన నోట్ల వింటె నాకు ఎర్కైంది.

ఈ జాబు రేపు పొద్దుగాల ఖాజా మియా తెస్తడు. మంగళవారం కంటె ముందె రా, నా పక్కన నిలవడు. నేను చూడలేదని తిమ్మప్పకు చెప్త. గొడ్డలి కింద మన్ను తడిసి ఉండెనని చెప్త. బండారు ముట్టకుంటనే చెప్త.