తిన్నవా అని అడగని ఇల్లు

యాదమ్మా,

నువ్వు పోయి ఇవ్వాళ్టికి ఏడాది. చదవవు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను. ఉంటే నా ఒత్తుల తప్పులు చూసి నవ్వేదానివి.

మీ అన్న, ఆ మహానుభావుడు, తాగొచ్చి కూతురు సుజాతను "తిన్నవా?" అని అడిగేవాడు. తిన్నానంటే తనకంటే ముందా అని, తినలేదంటే నాటకాలా అని కొట్టేవాడు. సుజాతను మాణికేశ్వర్ నగర్‌లోని మన గదికి తెచ్చుకున్నాక కూడా ఆ మాట చెవిన పడితే పిల్ల తిన్నదంతా కక్కేసేది.

"గా మాట ఈ ఇంట్ల ఎవ్వరు అడగొద్దు" అన్నావు. బస్తీలో పలకరింపే అది! గుమ్మంలో నిలబడి ఇరుగుపొరుగు నోళ్లన్నీ కట్టేశావు. యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వడ్డించే నా నోరు ఊరుకుంటుందా? ఆ మాటకు బదులు "పప్పుల ఉప్పున్నదా, ఉప్పుల పప్పున్నదా?" అనేవాణ్ణి. పిల్ల నవ్వి ఒక ముద్ద మింగేది. నువ్వు చూడనట్టే బియ్యం ఏరుకునేదానివి.

ఇవ్వాళ తార్నాకలో కడుపునిండా పూరీలు లాగించి ఇంటికొచ్చాను. సుజాత పదో తరగతి పుస్తకం మూసి, తనంతట తానే అడిగింది.

"తిన్నవా మామా?"

"లేదు బిడ్డా" అన్నాను.

"నేను గూడ తినలే, రా" అని ఇద్దరికీ వడ్డించింది. మారు కూడా వేసింది. పొట్ట పగిలిపోతున్నా వద్దనలేదు.