లాభం మీది, నొక్కిన వేలు నాది

కూర పొయ్యి మీదుంది, వేడి చేసుకోండి. బీపీ మాత్ర తిన్నాకే వేసుకోండి. మబ్బు పట్టింది, దండెం మీది బట్టలు తీసెయ్యండి.

ఇంకోటి. మ్యూచువల్ ఫండులో లాభం వచ్చినప్పుడల్లా మళ్ళీ అందులోనే వెయ్యమనో, చేతికి తీసుకోమనో ఇక మీరు మా ల్యాబుకి ఫోన్ చేయక్కర్లేదు. మీరెక్కువగా చెప్పేది వెయ్యమనేగా, దానంతటదే ఫండులోకి పోయేట్టు పొద్దున్నే మార్చేశాను. ఖాతా నా పేరున ఉన్న పాపానికి, ఎవరికో రక్తం తీస్తూ తీస్తూ చేతి తొడుగు విప్పి మరీ ఇన్నేళ్ళూ ఫోన్లో మీరు నొక్కమన్నదే నొక్కాను. పెరిగితే మీ తెలివి, తగ్గితే నా తొందర. మొన్న మీ అక్కయ్యతో ఫోన్లో "అది తొందరపడి మళ్ళీ వేసింది, అంతా పోయింది" అంటుంటే, గుమ్మం అవతల దుప్పట్లు మడతపెడుతూ విన్నాను. "వెయ్యి వెయ్యి, నేను చెప్తున్నాగా" అన్న గొంతు ఎవరిదండీ?

ఇకమీదట నష్టమొస్తే తిట్టుకోవడానికి స్నానాలగదిలో అద్దం ఉంది. తుడిచి పెట్టాను.

అన్నట్టు, కూరలో ఉప్పు ఎక్కువైంది. ఆ తప్పు మాత్రం అచ్చంగా నాదే.