నీలం చీరలో మిస్

కొత్తపేట,
1998 ఆగస్టు.

శ్రీవారికి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అందరం కులాసా. ఆ మస్కట్ ఎండల్లో మీరూ కులాసాగానే ఉన్నారనుకుంటే తప్ప నాకు ముద్ద దిగదు.

మీ ఉత్తరం అందింది. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గింది. తగ్గలేదని రాయమన్నారు, అలాగైతే మీరు తొందరగా వస్తారట. నూతి దగ్గర తుఫానుకి ఒరిగిపోయిన కొబ్బరిచెట్టు సంగతి అడిగారు. ఒరిగే ఉంది, ఆ ఒరుగులోనే కాపు కాస్తోంది. బాబ్జీకి ఇంగ్లీషు వస్తోందా అని కూడా అడిగారు. వస్తోంది. ఆ ముచ్చట చివర్లో రాస్తాను.

"కింద బడి, పైన ఇల్లు. ఎండా వానా లేని ఉద్యోగం, నీ అంత అదృష్టవంతురాలెవరు" అని రాశారు. చదివితే ఒళ్లు మండింది. పసివాళ్ల మీద కాదు నా కోపం. గేటు పట్టుకుని ఏడ్చేవాళ్లని ఎత్తుకోవడం, ముక్కులు తుడవడం, నిక్కరు బొత్తాలు పెట్టడం, చెయ్యి పట్టి పలక మీద ఏ బీ సీ డీలు దిద్దించడం నాకిష్టమే. సాయంత్రం ట్యూషను, ఆదివారాలు మీ అన్నయ్యగారితో ఊరూరా తిరిగి "మీ పిల్లల్ని మా కాన్వెంటుకి పంపండి" అని అడగడం, అదీ చేస్తున్నాను. కానీ ఇంకో బడైతే మానేస్తానని చెప్పొచ్చు. ఇక్కడ మానేస్తానంటే కాపురం మానేస్తానన్నట్టు ఉంటుంది. పని అయ్యాక ఇంటికి వెళ్దామంటే ఇల్లూ ఇదే గేటు లోపల.

బాబ్జీని నా ఎల్‌కేజీలో వేసిన రోజే బావగారు ఒక మాట చెప్పారు. "గేటు లోపల ఆడు మనోడు కాదమ్మాయ్, స్టూడెంటు. నిన్ను మిస్ అనే పిలవాలి. సొంత పిల్లాణ్ణి ముద్దు చేస్తన్నావని పేరెంట్స్ అనుకోకూడదు గదా." ఆయనది దుర్బుద్ధి కాదు. నేనూ సరేనన్నాను. మా టీచర్లందరికీ నీలం చీరే యూనిఫారం. చీర నీలంగా ఉంటే మిస్, లేకపోతే అమ్మ, అని వాడు తనంతట తనే లెక్క కట్టుకున్నాడు. పొద్దున్న వాడు లేవకముందే ఆ చీర కడతాను, ట్యూషను అయ్యి నేను మేడ ఎక్కేసరికి వాడు నిద్రపోతాడు. ఒక ఆదివారం తల దువ్వించుకుందామని దువ్వెన పట్టుకొచ్చి, ఊళ్లు తిరగడానికి నేను కట్టుకున్న నీలం చీర చూసి, నాయనమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇక వాడి ఇంగ్లీషు. మొన్న వానల్లో బావగారు ఎవరో దంపతుల్ని తీసుకొచ్చి మా క్లాసు గుమ్మంలో నిలబెట్టారు, చేర్పించేముందు బడి చూస్తామన్నారట. అప్పుడు బాబ్జీ లేచి, నేను నేర్పినట్టే చేతులు కట్టుకుని, "మిస్, మే ఐ గో టు మై మమ్మీ?" అని అడిగాడు. ఆ వచ్చినావిడ మురిసిపోయింది. బావగారి ముఖం వెలిగిపోయింది. నేను "సిట్ డౌన్" అన్నాను. కూర్చున్నాడు. గంట కొట్టాక చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. పొద్దుటినుంచీ జ్వరమట. ఆ దంపతులు మాత్రం అప్పటికప్పుడే వాళ్ల అమ్మాయిని చేర్పించారు.

ఇంతవరకూ చెప్పకుండా దాచిన మాట ఇప్పుడు చెబుతున్నాను, కోప్పడకండి. జ్వరం తగ్గాక మన బాబ్జీని కాలవ అవతల అంగన్‌వాడీలో వేశాను. అక్కడి టీచరు రత్నం మీకు తెలుసు, మన పాలాయన కోడలు. పిల్లలందరూ ఆమెను అత్తా అనే పిలుస్తారు. చాప మీద కూర్చుని పాటలు పాడతారు. ఇంగ్లీషు లేదు.

బావగారు ఆ పూట అన్నం తినలేదు. "కరస్పాండెంటు తమ్ముడి కొడుకే బాల్వాడీకెళ్తే రేపు మన బడికి పిల్లల్నెవరు పంపుతారమ్మాయ్? తీసుకొచ్చేయ్. లేపోతే తమ్ముడితోనే మాట్లాడతాను" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఈ ఉత్తరం చేరేలోపే ఆయన ఎస్టీడీ బూత్‌కి వెళ్లి మీకు ఫోన్ చేసేసి ఉంటారు. మీరు "అలాగే అన్నయ్యా" అనేసి ఉంటారు. పెళ్లయినప్పటినుంచీ ఆయనకి మీరు ఇంకో మాట చెప్పగా నేను వినలేదు.

నన్ను ఈ బళ్లోంచి బయటపడెయ్యమని అడగడం లేదు. మీరు వచ్చేదాకా ఈ చీరే కట్టుకుంటాను, ట్యూషనూ చెబుతాను. వాణ్ణి మాత్రం మళ్లీ నా క్లాసులో కూర్చోబెట్టమనకండి. మాట ఇచ్చేసి ఉంటే, మళ్లీ ఫోన్ చేసి వెనక్కి తీసుకోండి. నాకోసం ఈ ఒక్కటీ చెయ్యండి.

నిన్న సాయంత్రం ట్యూషను చెబుతుంటే రత్నం వాణ్ణి దింపడానికి వచ్చింది. వాడు గేటు దగ్గర ఆగి నా చీర చూశాడు. ఎప్పటిలా నాయనమ్మ దగ్గరికి పోతాడని నేను పుస్తకంలోకి తల దించుకున్నాను. "అమ్మా" అని పిలిచాడు. ట్యూషను పిల్లలందరూ తలెత్తారు. ఆఫీసు గదిలోంచి బావగారూ చూశారు. నేను లేచి, "ఏం నాన్నా" అన్నాను.

ఇట్లు,
బాబ్జీ వాళ్ల అమ్మ,
సూర్యకుమారి.