వేలాడే బంతి

బావా,

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యంతో నాకు ఎప్పటి నుంచో తగువు. అందరూ క్షేమంగా ఉంటే ఫోనులో ఒక ముక్క చెప్పి ఊరుకోవచ్చు, ఉత్తరమెందుకు? కానీ అత్త పక్కనే కూర్చుని, "ముందు నా కొడుక్కి క్షేమం రాయవే మైకూ, తరవాత నీ ఉపన్యాసం రాసుకో" అంటోంది. నా గొంతుకు ఊరు పెట్టిన ఆ పేరు అత్తకూ అలవాటైపోయింది. రాశాను. పోయిన వారం నువ్వు ఫోను చేసినప్పుడు తలుపు చప్పుడైందని పెట్టేశాను. తలుపు చప్పుడు కాలేదు. నోటితో చెప్పలేని సంగతి ఒకటుంది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

నీ ప్రశ్నలకు జవాబులు. నా మోకాలు అలాగే ఉంది, పట్టీ కట్టుకుంటున్నాను. అత్త కొత్త పళ్ళ సెట్టు పెట్టుకోవడం మానేసింది. ఎందుకంటే, "తినడానికి పనికిరావట్లేదు. నవ్వుదామంటే ఇంట్లో ఏముంది?" అంది. వంటింటి కుళాయి ఇంకా కారుతోంది. ప్లంబరు వచ్చి చూసి, "వాషరుతో పోయేది కాదమ్మా, మొత్తం మార్చాలి" అన్నాడు. మామూలుగా అయితే ప్రజల్ని ఎలా దోచుకుంటున్నారో అతనికి అక్కడే నిలబెట్టి చెప్పేదాన్ని. సరేనన్నాను. నేను వాదించకపోయేసరికి అతనికే భయం వేసినట్టుంది, "పోనీ ముందు వాషరు వేసి చూద్దామా" అన్నాడు. దానికీ సరేనన్నాను.

నా దగ్గర టెన్నిస్ నేర్చుకునే పిల్లల మోచేతులు దారికొచ్చాయా అని అడిగావు. వచ్చాయి. చంకలో చిన్న తువ్వాలు పెట్టుకుని ఫోర్‌హ్యాండ్ కొట్టమంటే మొదట్లో ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. తువ్వాలు జారిందంటే మోచెయ్యి ఒంటిని వదిలి పారిపోయిందన్నమాట. ఇప్పుడు ఎవరిదీ జారట్లేదు. మణికట్టు తొందర తగ్గడానికి, రాకెట్ బదులు సగం నీళ్ళున్న సీసా ఇచ్చి ఊపమంటున్నాను. గలగలమని చప్పుడైతే తప్పు. పొద్దున్నే పార్కు కోర్టు మీద పిల్లలంతా సీసాలు ఊపుతుంటే నడకకొచ్చిన పెద్దమనుషులు ఆగి చూస్తారు. చూడనీ. ఆటకు ఒడుపు కావాలి, ఒడుపుకు సాధన కావాలి, సాధనకు ఏదో ఒక సాధనం కావాలి. అది కంచె అవతల సభ్యుల కోర్టులోనే ఎందుకుండాలి? చేతిని ఎలా ఊపాలో తెలుసుకోవడానికి కూడా సభ్యత్వ కార్డు కావాలా? ఈ ప్రశ్న నేను పార్కు కమిటీని ఎన్నిసార్లు అడిగానో నీకు తెలుసు.

అందుకే కదా, వాళ్ళు తెప్పించుకున్న వేలాడే బంతి స్టాండ్లలో ఒకదాన్ని కంచె సందులోంచి ఫొటో తీసి నీకు పంపాను. నువ్వు నీ షిప్‌యార్డులో పనికిరాని గొట్టాలు అడిగి తీసుకుని, అచ్చం అలాంటిదే చేసి లారీలో పంపావు. నిలువు స్తంభం, పైనొక అడ్డగొట్టం, కిందొకటి, రెంటి మధ్య బిగించి కట్టిన రబ్బరు తాడు, దాని నడుమ బంతి. ఎంత గట్టిగా కొట్టినా తిరిగి తన చోటుకే వచ్చి నిలబడేది. ఇస్త్రీ ఆమె కూతురు, మేం మిడత అని పిలిచే పిల్ల, మొదటిసారి దాన్ని కొట్టి, గెంతుకుంటూ నా దగ్గరికొచ్చి, "టీచరమ్మా, బంతి నా కోసం ఆగుతోంది!" అంది. బంతిని ఒంటి ముందర, నడుము ఎత్తులో కలుసుకోవాలని ఏడాదిగా నేను అరిచి చెబుతున్నది ఆ పిల్ల ఒక్క పూటలో పట్టుకుంది.

ఆ స్టాండు ఎలా ఉందని, రంగు పోయిందా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. నేను కుళాయి గురించి రాస్తున్నాను.

స్టాండు విరిగింది బావా. పోయిన నెల. మిడత గట్టిగా కొట్టింది, బంతి వెనక్కి వచ్చింది, దాంతోపాటు పై గొట్టం కూడా వచ్చింది. కుడి కంటికి తగిలింది. నేను పిల్లను ఎత్తుకుని పరిగెత్తాను, మోకాలు గుర్తు రాలేదు. ఆస్పత్రిలో నర్సు "పాపకు మీరేమవుతారు?" అంది. టీచర్నన్నాను. ఇంటికొచ్చి పిల్లల తువ్వాళ్ళన్నీ ఉతికి ఆరేశాను. ఆరాక మడత పెట్టాను. ఏడుపొస్తుందేమోనని కూర్చుని చూశాను, రాలేదు. కోపమొస్తుందేమోనని చూశాను. నాకు, కోపం! అదీ రాలేదు. అప్పట్నుంచి ఇంతే. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, అత్త తల దువ్వుతున్నాను. గోడ అవతల ఎవరో ఇవన్నీ చేస్తున్నట్టు వినిపిస్తోంది.

కమిటీ సమావేశం పెట్టింది. కార్యదర్శి నెమ్మదిగానే, "ఇంట్లో చేసిన సామాను కోర్టులో పెట్టొద్దని ముందే చెప్పాం కదండీ. ఎవరు చేశారిది?" అన్నాడు. నేనే చేశాను, రబ్బరు తాడు తెగిందని చెప్పాను. ఇక మొదలుపెట్టాను. కొన్న స్టాండు విరిగితే దురదృష్టమంటారు, చేసుకున్న స్టాండు విరిగితే నేరమంటారు, ఇదేం న్యాయమన్నాను. కంచె అవతల అరడజను స్టాండ్లు ఎండుతుంటే ఇవతలి పిల్లలు గొట్టాలు అతికించుకునే గతి ఎవరు పట్టించారన్నాను. బాగా మాట్లాడాను బావా. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నోరు దానంతటదే పనిచేసింది. లోపల నేను లేను.

అప్పుడు మిడత తల్లి లేచింది. లాండ్రీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ముందు కట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు. "టీచరమ్మా, మీరే గెలిచారు. వాళ్ళు ఓడిపోయారు. సంతోషం. ఇంక నా పిల్ల బంతి ఎట్లా కొడుతుందో చెప్పండి" అంది.

చేతితో చేసిన సామాను కోర్టులోకి తేకూడదని తీర్మానం చేసి అందరూ వెళ్ళిపోయారు.

కంటి డాక్టరు చెప్పిందేమంటే, ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం మసగ్గా తెలుస్తుంది. దూరం కొలవడం మాత్రం మిగిలిన కన్నొక్కటే మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. నేర్చుకుంటుందా అంటే, "పిల్లలు మనకన్నా మొండివాళ్ళు. కానీ మాటివ్వలేను" అంది.

కట్టు విప్పిన మర్నాడే మిడత కోర్టుకొచ్చింది. నేను మెల్లగా బంతి విసిరాను. ఊపు అదే, పాదం పడాల్సిన చోటే పడింది, తువ్వాలు జారలేదు. బంతి మాత్రం రాకెట్టును దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. "బంతి అబద్ధమాడుతోంది టీచరమ్మా. ఇక్కడున్నానంటోంది, ఉండట్లేదు" అంది. ఏడవలేదు. ఏడిస్తే ఏం చేయాలో నాకు తెలిసేదేమో.

ఇప్పుడొక మాట రాస్తున్నాను, నవ్వకు. కమిటీ ఆఫీసుకెళ్ళి, సభ్యుల కోర్టులోని ఒక స్టాండు ఆ పిల్లకు కాసేపు ఇమ్మని అడిగాను. హక్కు అనలేదు. దయచేసి అన్నాను. కార్యదర్శి నావంక చూసి, "మైకుగారేంటి, మెల్లగా మాట్లాడుతున్నారు?" అన్నాడు. తరవాత ఆ మాటకు తనే సిగ్గుపడి తాళం తీయించాడు. మనిషి మంచివాడే. అదే చిక్కు, చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది.

మిడత స్టాండు ముందు నిలబడింది. ఒక్కసారి కొట్టింది. రబ్బరు తాడు బొంయ్‌మని సాగి వెనక్కొస్తుంటే రాకెట్టు వదిలేసి రెండు చేతులతో మొహం మూసుకుంది. అంతే. మళ్ళీ ప్రయత్నించలేదు.

తీసుకెళ్ళి లాండ్రీలో దింపాను. తల్లి దుప్పటి ఇస్త్రీ చేస్తూ అంతా విన్నది. పెట్టె పక్కన పెట్టి, "ఆ విరిగింది చేసినాయన మీ ఆయనే కదా" అంది.

"నేనని చెప్పాను కదా."

"నమ్మడానికి నేనేం కమిటీనా? మీకు గోడకు మేకు కొట్టడం కూడా రాదు. ఆయన్నే ఇంకోటి చేసివ్వమనండి. రబ్బరు లేనిది, కదలనిది. మా వెనక దొడ్లో పెట్టుకుంటాం, అక్కడికి ఏ కమిటీ రాదు."

"మళ్ళీ ఆయనేనా? నీకు భయం లేదా?"

"ఎందుకుండదు? కొత్తవాడైతే ఇంకో రకంగా విరిగేది చేస్తాడు. ఈయనకైతే ఎక్కడ విరిగిందో తెలుసు."

నా మొహం చూసి, "చెప్పలేదా ఆయనకి?" అంది. లేదన్నాను. "మరి ఎట్లా తెలుస్తుంది టీచరమ్మా?" అని మళ్ళీ పెట్టె అందుకుంది.

అందుకని చెబుతున్నాను. రబ్బరు తెగిందన్నది కమిటీకి నేను చెప్పిన అబద్ధం. రబ్బరుకేమీ కాలేదు. విరిగింది అతుకు. పై గొట్టం స్తంభాన్ని కలిసే చోట, నువ్వు వెల్డింగు చేసిన అతుకు. ఆ ముక్క నా బట్టల అలమరాలో ఉంది. లోహం ఒకవైపే కలిసింది. రెండో వైపు పైపైన పరుచుకుందంతే, గొట్టాన్ని పట్టుకోలేదు. నాకు ఈ పని తెలియదు, కానీ ఇన్నేళ్ళు నీ పక్కన ఉండి, మంచి అతుకు ఎలా ఉంటుందో నీ నోటే విన్నాను. ఓడల అడుగుభాగాలు అతికే మనిషివి. భోజనం గంటలో, తినడం మానేసి ఇది చేశావనీ తెలుసు. అది నీకు సాకు కాదు, నాకు ఓదార్పూ కాదు. నిన్ను తిట్టాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. తిట్లు రాలేదు. నిన్ను వెనకేసుకు రావాలనీ చూశాను. ఆ మాటలూ రాలేదు. జరిగింది జరిగినట్టు రాయడం ఒక్కటే చేతనయింది.

ఉత్తరం చదివి నువ్వెలా ఉంటావో నాకు తెలుసు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడవు. ఉండు. తరవాత పని మొదలుపెట్టు. మిడత నడుము ఎత్తు కొలిచి తాడుకు ముడివేసి ఇందులో పెడుతున్నాను. ఒకటే స్తంభం చాలు, అడ్డగొట్టాలు వద్దు. పైన మెత్తటి బ్రష్షు కుచ్చు ఉండాలి, బంతి అందులో కూర్చోవాలి. కొడితే ఎగిరిపోవాలి, వెనక్కి రాకూడదు. ఏరుకుని తెచ్చుకునే పని మిడతది, ఒప్పుకుంది. ఆ పిల్ల ఇంకా ఆడాలనుకుంటోంది బావా. మనిద్దరిలో ఎవరం ఏమనుకుంటున్నామన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు.

ఎప్పటికీ విరగదని మాత్రం రాయకు. ఆ మాట నేను ఆ తల్లికి చెప్పలేను. విరిగిన రోజున పిల్ల వైపు రాకుండా, ఉన్నచోటే కింద పడేలా చెయ్యి.

ఇట్లు,
నీ మరదలు