చాచా చెప్పిన సాక్ష్యం

ఖాసిం చాచా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు తుపాకి లైసెన్సు వచ్చింది. నిన్ననే తుపాకి ఇంటికి తెచ్చుకున్నాను.

పల్లిచేలను అడవిపందులు తవ్విపోస్తున్నాయని అర్జీ పెడితే, నా మీద దొంగతనం కేసు ఉందని పోలీసు రిపోర్టు పోయింది, గుర్తుందా? దొంగలెత్తుకుపోయిన నీ బావి మోటరు దొరికిన రోజు పంచనామా మీద సాక్షిగా సంతకం చేసిన నన్ను, వాళ్లు రికార్డులో ముద్దాయిగా ఎక్కించారు. ఎంత మొత్తుకున్నా నా మాట వినలేదు. నువ్వే ఆ ఆయాసంతో బస్సెక్కి వచ్చి ఎస్సై ముందు నిలబడ్డావు.

"మోటరు పోయింది నాది సార్. ఎత్కపోయినోడెవడో నాకెర్కలేదా? మా మల్లేశం సాక్షి. నేనెటన్న పోతే బావికాడి తాళం గీయన చేతికే ఇచ్చి పోత."

లైసెన్సు రాకపోయినా ఆ మాట చాలనిపించింది. రికార్డు దిద్దేసరికి నువ్వు లేవు.

ఇవాళ పొద్దుగూకక ముందే పందులు దిగాయి. నా చేనులోకి కాదు, నీ చేనులోకి. గట్టు మీది నుంచి చాచి కేకేసింది. ఉరికి వెళ్లి గాల్లోకి పేల్చాను. అన్నీ గుట్టవైపు పారిపోయాయి.

చాచి చెవుల మీంచి చేతులు తీసి, "మీ చాచా ఉంటే ఇంకోపారి పేల్చుమనేటోడు" అని నవ్వింది.

ఇంకోసారి పేల్చాను.