పొట్టంగిలో ఏటుంది?

కోరాపుట్,
1998 నవంబరు 16.

ప్రసన్నా,

నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని మాట రాస్తున్నాను. చదివి పొయ్యిలో వేసెయ్.

ఇరవై మూడేళ్ల కాపురంలో మీ బావ మీద ఏనాడూ నీకు చాడీ రాయలేదు. ఆయన పొట్టంగిలో ఎవరినో చూసుకున్నారని నా అనుమానం.

ఊరికే అనడం లేదు. ఆయన ఎప్పుడు ఏ ఊరు వెళ్లారో పద్దు పుస్తకం చివర రాసుకోవడం నాకు అలవాటని నీకు తెలుసు. నాలుగేళ్ల పుస్తకాలు తీసి చూశాను. ఏటా ఈ నెలలోనే, వారం తిరక్కుండా మళ్లీ మళ్లీ పొట్టంగి. మన కొట్టుకి వలిసెలు, ఆ నూనెగింజలు, అక్కడ కొంటాం, నిజమే. కానీ గింజ చేతికొచ్చేది డిసెంబరులో. పూత మీదున్న పంటను ఒకసారి చూస్తే చాలదా? అదీ ఇస్త్రీ చొక్కా వేసుకుని చూడాలా?

మొన్న పంచె ఉతుకుతుంటే కుచ్చిళ్లలో పసుపు రేకలు. "నన్నూ తీసుకెళ్లండి" అన్నాను. "అక్కడేటుందే? రాళ్లూ రప్పలూ. నీకు నచ్చదు" అన్నారు, నా మొహం చూడకుండా. ఏమీ లేని చోటికి మనిషి అన్నిసార్లు వెళతాడా?

గురువారం ఆయన జయపురం వెళతారు. నేను పొట్టంగి బస్సెక్కుతాను.

మీ అక్క,
పరమేశ్వరి

కోరాపుట్,
నవంబరు 21.

ప్రసన్నా,

వెళ్లొచ్చాను. బస్సు దిగిన చోట టీ కొట్టు. కుంతి అని, నా ఈడు మనిషి నడుపుతోంది. నేనెవరో చెప్పకుండా, కోరాపుట్ వలిసెల వ్యాపారి ఇటు వస్తుంటాడా అని అడిగాను.

"తాతారావు సావుకారా? రాకేం! ఆ బల్ల మీదే కూకుంటాడు, కొండకేసి సూస్తాడు. 'ఈయేడు మా ఇంటిదాన్ని తెస్తాను కుంతీ' అంటాడు. వలిసె పూసేసింది, తేవచ్చు కదా అంటే 'ఇంకా నిండుగా పుయ్యాల, దానికిది సాలదు' అంటాడు. నాలుగేళ్లయింది. ఏటమ్మా, ఆవిడంత మారాణీయా?"

టీ డబ్బులు బల్ల మీద పెట్టి తిరుగు బస్సెక్కాను.

ఇంటికొచ్చి పాత పుస్తకం తీశాను. 1978, పూరీ. పేజీకి నిలువుగా గీత. ఇటు "విన్నది", అటు "చూసినది". పెళ్లయిన మూడేళ్లూ ఆయన పూరీ సముద్రం గురించి చెప్పిందంతా ఇటు రాసి, అటు ఒక్క ముక్కే రాశాను: "భీమిలిలోనూ ఇదే సముద్రం. ఇంతేనా?" ఇసుకలో నిలబడి ఆయనతోనూ అదే అన్నాను. ఆ తర్వాత ఆయన నన్ను ఏ చోటికీ తీసుకెళ్లలేదు. ఎక్కడికని అడిగినా "అక్కడేటీ లేదు" అనేవారు. ఇన్నాళ్లూ అది పిసినారితనం అనుకున్నాను.

ఇంకో సంగతి. కొండవాలంతా వలిసె పూల పసుపే, కుంతి చూపించింది కూడా. ఆ కొట్టుకి వెళ్లేముందు, ఆ మనిషెవరో వెతుక్కుంటూ అందులోనే గంటసేపు తిరిగాను. కానీ నాకు గుర్తున్నవి గుడిసెల గుమ్మాలూ, ఆడవాళ్ల మొహాలూ!

అక్క

కోరాపుట్,
డిసెంబరు 27.

ప్రసన్నా,

గుమస్తా సన్యాసయ్యకి జ్వరం వచ్చి, మీ బావ కొట్టు వదల్లేక నెల గడిచిపోయింది. నిన్న పట్టుబట్టి పొట్టంగి తీసుకెళ్లమన్నాను. కోతలు కూడా అయిపోయాయి. మొండి కాడలు, ఎర్రమట్టి, గట్టున మిగిలిన నాలుగు పూలు. ఆయన మొహం వాడిపోయింది.

"సెప్పేను కదే, ఏటీ లేదని. నెల కితం సూడాల్సింది."

కుంతి నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "కొత్తగా వచ్చేరా అమ్మా?" అని, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది.

ఆయన బల్ల మీద కూర్చున్నాం. ఏ మడి ముందు పూస్తుందో, మంచు ఎటునించి దిగుతుందో ఆయన వేలుపెట్టి చూపిస్తున్నారు. నెల కిందట నా కళ్ల ముందే ఉండి నేను చూడని పూలు, ప్రసన్నా, ఆ మోడు చేలల్లో అప్పుడు చూశాను. బస్సు వచ్చింది. "తర్వాత బస్సుకి వెళదామండీ" అన్నాను.

ఆయన గ్లాసు దించేశారు. "ఏటే, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఇక్కడ బాగుంది."

నమ్మలేదు. ఇల్లు చేరేలోపు మూడుసార్లు అడిగారు: "నిజం సెప్పు, పొట్టంగిలో నీకేటి పని?"

నేను ఒంటరిగా వెళ్లొచ్చిన సంగతి చెప్పేస్తానులే, వచ్చే నవంబరులో, పూల మధ్య నిలబడి. అప్పటిదాకా ఆయన్నీ కాస్త అనుమానపడనీ.

నా మొదటి ఉత్తరం నిజంగా కాల్చావా? వెంటనే రాయి. నీ మీదా నాకు అనుమానమే.

మీ అక్క,
పరమేశ్వరి