నీ దారం ఏ రంగు?

అరోరా, అమెరికా,
నవంబరు 18, 2007, ఆదివారం.

మహారాజశ్రీ మావారికి,

ముందుగా మీ పాదాలకు నమస్కారం, ఆ వెంటనే మీ మోకాళ్ళకు పరామర్శ. ఇక్కడ మేమందరం క్షేమం, అమ్మాయి చీలమండ తప్ప. అక్కడ మీరూ, మీ సన్నాయీ, మీ చుట్టూ చేరే కాఫీ బృందమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి వరుసగా జవాబులు రాస్తున్నాను. భావన కాలి కట్టు ఇంకో మూడు వారాలు ఉంచాలట. మంచం దిగనివ్వడం లేదు నేను. అది నామీద విసుక్కోవడమూ మానలేదు. చలి మొదలైంది. అల్లుడు కొనిచ్చిన కోటు వేసుకుంటే నేను పరుపు చుట్టలా ఉన్నానని మనవరాలు నిధి నవ్వుతుంది. తిండికి లోటు లేదు, ఇక్కడ గోంగూర కూడా దొరుకుతోంది. మీరు మాత్రం నేను లేనని మూడు పూటలా హోటల్ పెసరట్టు తింటున్నారని మా తమ్ముడు రాజారావు ఫోనులో చెప్పాడు. వాడి మీద కోప్పడకండి, నేనే కాపలా పెట్టాను.

ఇక చివరి ప్రశ్న. మామగారి డబ్బాలో రెండే సన్నాయి పీకలు మిగిలాయి, మిగతావి ఎక్కడ దాచావు, మార్గశిరంలో పెద్ద పెళ్ళి మేళం ఒప్పుకున్నాను అని రాశారు. దానికి జవాబుంది. కానీ అది ఫోనులో చెప్పే మాట కాదు, ఉత్తరం మొదట్లో చెప్పే మాట కూడా కాదు. ముందు ఈ వారం నేను చేసిన నిర్వాకం వినండి.

మా పక్కింట్లో లిన్ గారని తైవాన్ ఆవిడ ఉన్నారని రాశాను కదా. భావన కారు నడపలేదు, రవికాంత్ తెల్లారగానే షికాగో రైలెక్కిపోతాడు. అందుకని నిధిని బడికి దింపి తెచ్చే పని ఆవిడే మీద వేసుకున్నారు. ఆవిడ మేనకోడలూ, మరో నలుగురూ కలిసి ప్రతి ఆదివారం ఆ ఇంటి నేలమాళిగలో వాద్యాలు సాధన చేస్తారు. అయిదుగురూ షిన్‌చూ అనే ఊళ్ళో ఒకే బడిలో కలిసి ఊదినవాళ్ళు, ఇప్పుడు షికాగోలో సంగీతం చదువుతున్నారు. ఆ ఊళ్ళో గాలి ఎక్కువట. అందుకని జట్టుకు ‘తొమ్మిదో నెల గాలి’ అని పేరు పెట్టుకున్నారు. అయిదుగురికీ కలిపి నూట పాతికేళ్ళు ఉండవు. ఊదడం మొదలుపెడితే మాత్రం పెద్దవాళ్ళైపోతారు.

ఆ మేనకోడలు పిల్ల పేరు యీ-టింగ్, తను ఊదేదాన్ని ఓబో అంటారు. నల్లటి కర్ర, ఒళ్ళంతా వెండి మీటలు. మీరు చూస్తే ఇదేం సన్నాయి, నగలు వేసుకుందీ అంటారు. నోట పెట్టుకునేది మాత్రం అచ్చం మన పీకే. రెండు రెల్లు పొరలు కలిపి చిన్న గొట్టానికి దారంతో కట్టినది, మనదానికన్నా సన్నం. ఆ పిల్ల తన పీకలు తానే కట్టుకుంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు పుట్టింటివాళ్ళు ఎదురుపడినట్టయింది. అప్పటినుంచి ఆదివారం వస్తే చాలు, నిధిని వెంటబెట్టుకుని వెళ్ళి మెట్ల మీద కూర్చుంటున్నాను. యీ-టింగ్ నన్ను ‘ఆమా’ అని పిలుస్తుంది. వాళ్ళ వైపు ముసలివాళ్ళను అలా అంటారట. ముసలిదాన్ని అన్నందుకు కోపం రాలేదు, చూడండి.

నిన్న శనివారం వాళ్ళకు షికాగోలో పోటీ. గెలిచిన జట్టుకు ఏడాది పొడుగునా కచేరీలు ఇస్తారు. గెలవకపోతే డిసెంబరులో చదువు ముగించుకుని ఇద్దరు వాళ్ళ దేశానికి వెళ్ళిపోతారు, జట్టు విడిపోతుంది. వాళ్ళ పాట ఓబో ఒక్కదానితో, మంద్రంలోని అడుగు స్వరంలో, నెమ్మదిగా మొదలవుతుంది. దానికోసం యీ-టింగ్ పన్నెండు పీకలు కట్టి, అందులో ఒక్కదాన్ని ఏరుకుంది.

పోయిన ఆదివారం ఆ అడుగు స్వరం బిగుసుకుపోయి పలుకుతోందని నా చెవికి తెలిసింది. మీకు ఎన్నిసార్లు అలా కాలేదు? భోజనానికి అందరూ పైకి వెళ్ళారు. పీక చిన్న గిన్నెలో నీళ్ళలో నానుతోంది. పక్కనే కత్తి ఉంది. నేను ఆలోచించలేదండీ. కచేరీ మధ్యలో మీరు కాఫీ తాగే అయిదు నిమిషాల్లో నా చేయి ఏం చేసేదో అదే చేసింది. అటు రెండు గీతలు, ఇటు రెండు గీతలు గీరి, బొటనవేలితో నోరు కాస్త తెరిచి, మళ్ళీ నీళ్ళలో వేశాను. మీరేమో నేను కడిగి ఇస్తున్నానని అనుకునేవారు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. మనింట్లో అదే పద్ధతి కదా, పీక బాగోలేకపోతే పక్కనున్న చేయి సరిచేస్తుంది.

పిల్ల వచ్చి ఊదింది. మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. మన పీక ఓర్చుకునే గీత ఆ సన్నపు రెల్లుకు ఎక్కువైపోయింది. మళ్ళీ ఊదింది, మళ్ళీ అదే. ఆ గిన్నెలో నీళ్ళు పోసినవాడు జున్-హావ్ అని వాళ్ళలో పొడుగాటి వాద్యం ఊదే అబ్బాయి. వేడినీళ్ళు పోశావా, ఎక్కువసేపు నానబెట్టావా అని యీ-టింగ్ వాడి మీద పడింది. వాడు మొదట సర్ది చెప్పాడు, తర్వాత వాడికీ కోపం వచ్చింది. నాకు భాష తెలియదు, ఈ మాటలు తర్వాత తెలిశాయి గానీ, తిట్టుకోవడం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. సాధన సగంలో ఆగిపోయింది. వాడు వాద్యం పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

యీ-టింగ్ నిధితో ఇంగ్లీషులో ఏదో అంది. నిధి నా కొంగు లాగి అంది, “అమ్మమ్మా, తను ఏం అంటుంది అంటే, ఆ రీడ్ మళ్ళీ రాదు. ఇట్ టుక్ టూ వీక్స్.”

నేను నోరు విప్పలేదు. ఎందుకంటే భయం వేసింది, అంతే. అరవై ఏళ్ళదాన్ని, పరాయి ఇంట్లో చేయి పెట్టి, పరాయి పిల్లల కొంప ముంచాను. ఇంటికొచ్చి భావనకు చెప్పాను.

“అయ్యో, అమ్మా. నిన్ను ఎవరు ముట్టుకోమన్నారు?” అంది. తర్వాత, “ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు? ఆల్రెడీ వాళ్ళు స్ట్రెస్‌లో ఉన్నారు. లిన్ ఆంటీ రోజూ నిధిని డ్రాప్ చేస్తున్నారు, ఆవిడ ముందు ఎంత ఎంబరాసింగ్. వదిలెయ్, ఇంకో రీడ్ చేసుకుంటుందిలే” అంది.

అది చెప్పింది సబబుగానే అనిపించింది. కానీ చేయని తప్పుకు ఆ అబ్బాయి మాట పడ్డాడు. సోమవారం సాయంత్రం నిధిని తీసుకుని లిన్ గారింటికి వెళ్ళాను. యీ-టింగ్ పోటీ అయ్యేదాకా అక్కడే ఉంటోంది, కొత్త పీక గీరుతూ కూర్చుని ఉంది. నేను కత్తిని చూపించాను, గిన్నెను చూపించాను, నా చేతిని చూపించాను. మిగతాది నిధి చెప్పింది.

ఆ పిల్ల గీరుతున్న పీకను పక్కన పెట్టింది. అరిచి ఉంటే బాగుండేది. తర్వాత మెల్లగా ఏదో అంది.

“రీడ్‌ని ఎవరూ టచ్ చేయరు అంట అమ్మమ్మా. వాళ్ళ టీచర్ కూడా ఫస్ట్ అడుగుతారు అంట” అంది నిధి.

సారీ అన్నాను. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అదొకటి. మూడుసార్లు అన్నాను. ఆ పిల్ల ఫోను తీసి ముందు జున్-హావ్‌తో మాట్లాడింది. తర్వాత నా వైపు తిరిగి, అడుగు స్వరం బిగుసుకుందని నీకెలా తెలిసింది, నాకు కూడా అలాగే అనిపించింది, కానీ గీరడానికి ధైర్యం చాలలేదు అంది. ఎలా తెలిసిందంటే ఏం చెప్పను? నలభై ఏళ్ళుగా ఒక మనిషి ఊపిరి వింటున్నానని చెప్పమన్నాను నిధిని. నిధి ఎలా చెప్పిందో గానీ, ఆ పిల్ల నవ్వి కుర్చీ లాగి పక్కన వేసింది.

మంగళవారం నుంచి గురువారం దాకా మేమిద్దరం కూర్చున్నాం. కత్తి నేను ముట్టుకోలేదు. కట్టడం మాత్రం నాది. గాలి పోకుండా బిగించి కట్టడంలో నాకెవరూ సాటిరారని మీ ముందు గొప్పలు చెప్పుకోవచ్చు కదా. ఆ పిల్ల అరగంటలో కట్టేది నేను అయిదు నిమిషాల్లో కడుతుంటే కళ్ళార్పకుండా చూసింది. కట్టి ఇస్తే గీరుకుంది. ఊదితే నేను విని, చాలు అనో, ఇంకాస్త అనో తల ఊపాను. మొత్తం ఏడు కట్టాం, ఆరు పనికిరాలేదు.

గురువారం ఆ పిల్ల తన పీకల పెట్టె తెరిచి చూపించింది. అన్నిటికీ పచ్చదారమే. ఓబో ఊదేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో రంగు పెట్టుకుంటారట. దారం చూస్తే ఎవరు కట్టారో తెలియాలి కదా. అప్పుడు అడిగింది, “ఆమా, నీ దారం ఏ రంగు?”

నేను ఆ పచ్చదారాన్ని వేలితో తడిమి, పెట్టె మూసి ఇచ్చాను.

మీరు అడిగినదానికి జవాబు ఇక్కడే ఉంది. స్థిమితంగా కూర్చుని చదవండి.

మామగారు పోయేనాటికి డబ్బాలో పదకొండు పీకలున్నాయి. మూడేళ్ళకు ఆఖరిది చీలిపోయింది. మీరు ఆ రోజు బాపట్ల పెళ్ళిలో సగంలో ఆపేసి, నాన్నతోపాటు నాదం కూడా పోయిందని నెలరోజులు సన్నాయి ముట్టలేదు. అన్నం కూడా సరిగా తినలేదు. నాకు చూడటం కష్టమైంది. మామగారికి చివరి రోజుల్లో చూపు ఆనకపోతే, మీరు కచేరీలకు వెళ్ళిన వేళల్లో ఆయన చెప్తుంటే నా చేతులు కట్టేవి. పీకలకు వాడే రెల్లు గడ ఉడకబెట్టడం, ఆరబెట్టడం, చీల్చడం అన్నీ ఆయనే నేర్పారు. అటక మీద ఆయన గడల కట్ట మిగిలి ఉంది. ఆయన కావిరంగు దారపు ఉండ కూడా ఉంది. ఒక పీక కట్టి డబ్బాలో పెట్టి, పెట్టె అడుగున దొరికిందని చెప్పాను. మీరు ఊది, చూరు కింద కూర్చుని ఏడ్చారు. నాన్న గొంతు మళ్ళీ వచ్చిందే అన్నారు. ఆ తర్వాత నిజం ఎలా చెప్పను?

అప్పటినుంచి ఇరవై ఒక్క ఏళ్ళుగా దొరుకుతూనే ఉన్నాయి. రాజారావు కుంభకోణం యాత్రలకు ఎందుకు అన్నిసార్లు వెళ్ళాడనుకున్నారు? వాడు నాకు గడలు తెచ్చేవాడు. మా నాన్న డబ్బా అక్షయపాత్ర అని మీరు అందరికీ చెప్పేవారు. గుళ్ళో మీకు శాలువా కప్పిన రోజు, ఇది మా నాన్నగారి పీక అని పైకెత్తి చూపించారు. నేను స్తంభం పక్కన కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వులో సగమే నిజం. మిగతా సగం ఏమిటో అప్పుడు నాకే తెలియలేదు.

నిన్న తెలిసింది. పోటీలో యీ-టింగ్ మా ఏడో పీకతో ఊదింది. అడుగు స్వరం తడిసిన మట్టి వాసనలా మెల్లగా లేచింది. వాళ్ళకు రెండో స్థానం వచ్చింది, కచేరీలు వేరేవాళ్ళకు వెళ్ళాయి. జట్టు డిసెంబరులో విడిపోతుంది. అయిదుగురూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. యీ-టింగ్, జున్-హావ్ పక్కపక్కనే నిలబడ్డారు, అది నాకు చాలు. అప్పుడు వాళ్ళ గురువుగారు వచ్చి పీక చేతిలోకి తీసుకుని ఏదో అడిగారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, వేలు పెట్టి నన్ను చూపించింది. “ఇది ఆమా కట్టింది అని చెప్తుంది” అంది నిధి. గురువుగారు నా దగ్గరికి వచ్చి తల వంచి నమస్కరించారు. నాకు ఏడుపు ఆగలేదు. సంతోషమో, ఇన్నాళ్ళూ ఎవరూ నన్నలా వేలెత్తి చూపించలేదన్న ఉక్రోషమో, రెండూనో.

మీకు కోపం రావచ్చు. రానివ్వండి, మీ మీద నాకున్న ప్రేమేమీ దానికి తగ్గదు. మీరు తిట్టినా మళ్ళీ పీకలు కట్టి ఇస్తాను. కానీ కావిరంగు దారంతో కట్టను. అది మామగారిది. యీ-టింగ్ నన్ను అంగడికి తీసుకెళ్ళి ఏరుకోమంటే వంకాయరంగు ఉండ ఏరుకున్నాను. ఎందుకు అదే అంటే నాకిష్టం అని చెప్పాను. అంతకన్నా కారణం అక్కర్లేదట.

మార్గశిరంలో పెళ్ళికి డబ్బాలో ఉన్న రెండింటిలో నోటికి నచ్చినది తీసుకుని వాయించండి. రెండూ బాగా పలుకుతాయి. వాయించాక ఎవరైనా ఇది ఎవరి పీక అని అడుగుతారు, ఎప్పుడూ అడుగుతారు కదా. మీరేం చెప్పారో నాకు రాయండి.

ఇట్లు,
మీ అర్ధాంగి
శేషమ్మ